ఏడో పేజీ కుళాయి

కోడలు గీసే బొమ్మలు కదులుతాయి. ఇందులో మాయా లేదు, మంత్రమూ లేదు. గుర్రం పరుగుని ఆరు బొమ్మలుగా గీసి, వాటిని సన్నటి చీలికలు చేసి, ఒకదాని సందులో ఒకటి ఇరికించి ఒకే బొమ్మగా అచ్చు వేయిస్తుంది. ఊరికే చూస్తే అది గుర్రమో, అలికేసిన గీతలో తెలియదు. దాని మీద నల్లచారల ప్లాస్టిక్ షీటు పెట్టి మెల్లగా పక్కకి లాగితే మాత్రం, చారలు ఐదు బొమ్మల్ని దాచి ఒక్కోసారి ఒక్కదాన్నే చూపిస్తాయి, గుర్రం పరుగందుకుంటుంది. షీటు ఆపితే గుర్రమూ ఆగుతుంది. చార వెంట్రుకంత వంకర పోయినా గుర్రం కుంటుతుంది. అందుకే ఆ ఇంట్లో కోడలి కుడిచేతికున్న మర్యాద ఇంకెవరికీ లేదు.

ఆ మర్యాద చేసేది అత్తగారే. వాళ్ళుండేది మూడో అంతస్తు. నీళ్ళు పైకెక్కించే మోటారు కాలిపోయిన దగ్గర్నుంచీ కుళాయి తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది తప్ప చుక్క రాలదు. కొడుకు తెల్లవారకముందే బస్సు నడపడానికి వెళ్ళిపోతాడు. కింది నుంచి బకెట్లు మోసేది అత్తగారు. కోడలు బకెట్టు మీద చెయ్యి వేస్తే ఊరుకునేది కాదు.

"వదులు. బరువు మోస్తే చెయ్యి వణుకుతుంది. నీ గుర్రాలన్నీ కుంటివైపోతాయి."

మెట్టుమెట్టుకీ ఆవిడ మూలుగు గదిలోకి వినిపించేది. అది వింటూ కూర్చుని పిల్లల పుస్తకంలో కప్పని గెంతించాలంటే కోడలికి సిగ్గేసేది. ఆ ఇంటికి కావలసింది ఒక్కటే, నీటి ఆఫీసు ఇవ్వాల్సిన మోటారు.

అలాంటి సమయంలో నీటి ఆఫీసు ఇంజనీరు ఆమెకి కబురు పెట్టాడు. పై అధికారి తనిఖీకి వస్తున్నాడట. ఆఫీసు చేసిన పనులన్నీ చూపించే బొమ్మల పుస్తకం కావాలట.

"ఫోటోలు తీయించొచ్చు కదండీ?" అంది కోడలు.

"ఫోటోలో నీళ్ళు కదలవమ్మా. అసలు నీళ్ళుంటే కదా..." అని ఇంజనీరు నాలుక కరుచుకున్నాడు. "అంటే, ఫోటోలో జీవం ఉండదని. మీరైతే పారించేస్తారు. ఏడో పేజీలో మీ ఇంటి కుళాయే వేయండి. పుస్తకం అయ్యేలోపు మోటారు కూడా వచ్చేస్తుంది."

ఆ చివరి మాటకి కోడలు పడిపోయింది. ప్రాణం పెట్టి గీసింది. మూతికి గుడ్డ కట్టిన తమ వంటింటి కుళాయి, దాని కింద అంచు పగిలిన తమ బకెట్టు. అత్తగారు షీటు లాగి చూసి, "ఎంత ధారగా వస్తున్నాయే! చప్పుడొక్కటే తక్కువ" అని మురిసిపోయి, ఆ అంచు పగిలిన బకెట్టే పట్టుకుని కిందికి వెళ్ళింది.

పుస్తకం వచ్చింది, మోటారు రాలేదు. కోడలు ఆఫీసుకి వెళ్ళి అడిగితే ఇంజనీరు సొరుగులోంచి పుస్తకం తీసి, ఏడో పేజీ తెరిచి, షీటు లాగాడు.

"వస్తున్నాయి కదమ్మా?"

"అది నేను గీసిందండీ!"

"మరింకేం, మీ చేత్తో మీరే తెప్పించుకున్న నీళ్ళు. మీ భవనం పని పూర్తయిందని పైకి చెప్పేశాం. పూర్తయిన పనికి మళ్ళీ మోటారెలా అడుగుతాం, మీరే చెప్పండి?"

కోడలు ఇంటికొచ్చి అత్తగారికి చెబుతూ ఏడ్చేసింది. అత్తగారు ఏడవలేదు. "తనిఖీ ఎప్పుడన్నావ్?" అని మాత్రం అడిగింది.

తనిఖీ రోజున ఆఫీసు హాల్లో పొడవాటి బల్ల వేశారు. పై అధికారి మధ్యలో కూర్చున్నాడు. ఇంజనీరు పేజీ తర్వాత పేజీ తెరిచి షీటు లాగుతుంటే యంత్రాలు బురద తోడుతున్నాయి, పైపులు వాటంతటవే అతుక్కుంటున్నాయి. ఊళ్ళో అంగుళం కదలని పనులన్నీ ఆ పుస్తకంలో పరుగులు పెడుతున్నాయి. ఏడో పేజీ రాగానే పై అధికారి ముందుకు వంగి, "అబ్బ, ఏం ధారయ్యా!" అన్నాడు.

సరిగ్గా అప్పుడే అత్తగారు బకెట్టుతో లోపలికి వచ్చింది. వెనకే కోడలు. ఆవిడ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. పుస్తకానికి తిన్నగా, బల్ల అంచు కింద బకెట్టు పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు పై అధికారి.

"ఆ కుళాయి మాదే బాబూ. బకెట్టు నిండగానే వెళ్ళిపోతాను."

ఇంజనీరు షీటు వదిలేశాడు.

"అయ్యో, ఆపకు నాయనా! నువ్వు ఆపితే ధార ఆగిపోతుంది."

పై అధికారికి సరదా పుట్టింది. "లాగవయ్యా, పెద్దావిడ ముచ్చటపడుతోంది" అన్నాడు. ఇంజనీరు లాగాడు. కుడిచెయ్యి పీకితే ఎడమచేత్తో లాగాడు. అత్తగారు మధ్యమధ్య బకెట్టులోకి తొంగిచూసి, "అడుగైనా తడవలేదు, ఇంకాస్త" అంటోంది. హాల్లో నవ్వులు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి ఇంజనీరు భుజం పట్టుకుని, "ఇక నావల్ల కాదండీ, నొప్పి" అన్నాడు.

"నొప్పే మరి. నీళ్ళు తేవడమంటే నొప్పే" అంది అత్తగారు. "అరచేతిలో వైకుంఠం చూపించేవాళ్ళని చూశాను గానీ, పుస్తకంలో కుళాయి తిప్పేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. ఒక్క మోటారు ఇప్పించండి బాబూ."

పై అధికారి గంభీరంగా తల పంకించాడు. "నిజమే. ఇంత పని చేత్తో చేయించడం అన్యాయం. మోటారు వెంటనే మంజూరు చేస్తున్నాను."

కోడలు అత్తగారి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మోటారు నిజంగానే వచ్చింది. ఇంజనీరే కోడల్ని ఆఫీసుకి పిలిచి చూపించాడు. "ఇదిగోనమ్మా. ఇక మీరు తలుపంత బొమ్మ గీయాలి. ఆఫీసు గుమ్మం దగ్గర పెడతాం. షీటుని మోటారే తిప్పుతుంది. ఆఫీసు తెరిచున్నంతసేపూ బొమ్మ ఆగకూడదని పైనుంచి ఆర్డరు."

కోడలికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. మోటారు వచ్చింది అత్తగారి మోకాళ్ళ కోసం కాదు, ఇంజనీరు భుజం కోసం. ఒళ్ళు మండిపోయింది. అయినా గొంతు తగ్గించుకుని, "ఏం గీయమంటారు?" అంది.

"నీళ్ళు పైకెళ్తున్నట్టు ఏదో ఒకటి. మీకు చెప్పాలా?"

"సరే. పైకెళ్తున్నట్టే గీస్తాను."

అంత కోపంలోనూ ఆమె చెయ్యి వణకలేదు. అది వణక్కూడదనే కదా ఆవిడ ఇన్నాళ్ళూ మెట్లెక్కింది.

బొమ్మ పూర్తయ్యాక నలుగురి ముందూ ఇంజనీరు దాని మీది ముసుగు తీసి స్విచ్చి వేశాడు. తలుపంత బొమ్మలో అత్తగారు, చేతిలో అంచు పగిలిన బకెట్టు. కాలెత్తుతుంది, మోకాలు పట్టుకుంటుంది, మెట్టు మీద అడుగు పెడుతుంది. పెట్టగానే మళ్ళీ కాలెత్తుతుంది. మెట్టు మాత్రం అదే మెట్టు. నీళ్ళు పైకే వెళ్తున్నాయి కాబట్టి తప్పు పట్టడానికి వీల్లేదు. ఆర్డరుంది కాబట్టి ఆపడానికీ వీల్లేదు.

వచ్చేపోయే జనం ఆగి, "ఎవరండీ ఈవిడ? పైకి ఎప్పుడు చేరుతుంది?" అని అడిగేవారు. ఇంజనీరు గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకునేవాడు. కొన్నాళ్ళకి వెనక తలుపులోంచి రావడం మొదలుపెట్టాడు.

ఒకరోజు అత్తగారు బొమ్మ చూడటానికి వచ్చింది. తనని తాను చాలాసేపు చూసుకుంది. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి స్విచ్చి ఆపేసింది.

ఇంజనీరు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, అది ఆపకూడదు! ఆర్డరు!"

"కాసేపు ఆగనీ నాయనా, పాపం" అంది అత్తగారు. "మూడో అంతస్తు ఇంకా చాలా దూరం."

ఇంజనీరు చెయ్యి స్విచ్చి దాకా వెళ్ళింది. వేయలేక అక్కడే ఉండిపోయింది.