రాయప్ప డోర్ నంబరు

ఇలా రండయ్యా, దగ్గరికి జరగండి. ఆ టీ గ్లాసుల చప్పుడు ఆపండి. నాజిమ్, నీ నోటికి కాసేపు హ్యాండ్‌బ్రేకు వెయ్యరా. నేను చెప్పేది అబద్ధమైతే నా ట్రాలీ ఆటో టైరు పంచరవ్వాలి.

"పొద్దున్నే అయిందిగా లాల్‌సాహెబ్ మామా!"

అది నిన్నటి అబద్ధానికిరా. ఇది వేరే.

పోయిన అక్టోబరులో తుఫాను వచ్చిందా? మన తిరువూరులో పత్తి తడిసింది, అంతే. సముద్రం ఒడ్డున మాత్రం గాలి ఎంత గాలంటే, అక్కడ కోడిపుంజు కూస్తే ఆ కూత మన బస్టాండులో వినపడింది. పుంజు మాత్రం అక్కడే ఉంది. ఆ గాలికే అక్కడ చేపలు పట్టుకు బతికే రాయప్ప ఇల్లు పోయింది. గోడలు పోయాయి, కప్పు పోయింది, వేటకెళ్లే పడవా పోయింది. మిగిలింది ద్వారబంధంతో సహా తలుపొకటే. అది కొబ్బరిచెట్టుకు ఆనుకుని నిలబడి ఉందట, చుట్టం వచ్చి బయట ఆగినట్టు.

మర్నాడు ఊళ్లోకొచ్చిన ఆఫీసరు ఒకాయన, "డోర్ నంబర్ జాగ్రత్తయ్యా. అది లేకపోతే కొత్తిల్లు రాదు" అని చెప్పి జీపెక్కాడు. రాయప్ప కూడా నాలాగే బడిని బయటినుంచి చూసినవాడు. తలుపు మీద పంచాయితీ వాళ్లు ఎర్ర రంగుతో వేసిన నంబరుంది. డోరంటే తలుపేగా! ఇక దాన్ని గుండెకు కరుచుకున్నాడు.

వేట లేదు. భార్య రిబ్కాతో మన వినగడపకి పత్తి తియ్యడానికి వచ్చాడు, తలుపుతో సహా. బస్సులో కండక్టరు దానికీ టికెట్టు అడిగాడు. "రెండు రెక్కలుంటే ఫుల్లు, ఒంటిరెక్క గనక హాఫు" అన్నాడు. నవ్వకండి, ఆ టికెట్టు నేను చూశాను.

పత్తి చేను ఆసామి ఆదిశేషయ్య గారు గట్టున చోటిచ్చారు. నాలుగు కర్రలు, పైన నీలం ప్లాస్టిక్ పట్టా, ముందు ఆ తలుపు. మూడు వైపులా గోడల్లేవు. అయినా రిబ్కా గొళ్లెం తీసుకునే లోపలికి వెళ్లేది.

"పక్కనుంచి దూరొచ్చుగా అమ్మా?" అన్నానోసారి.

"మేమేమన్నా మేకలమా అన్నా? ఇల్లున్నోళ్లం!" అంది.

జనవరిలో కబురొచ్చింది. సోమవారం ఆఖరి సర్వే, ఎవరింటి దగ్గర వాళ్లుండాలి. ఆటోలో తలుపుని పడుకోబెట్టి, దాని మీద రాయప్పని, ముందు రిబ్కాని కూర్చోబెట్టి బయల్దేరాను. దారంతా రాయప్ప పాటలే. "కొత్తింటికీ ఇదే తలుపు పెడతా సాయిబన్నా. నువ్వే ముందు తోసుకుని రావాల" అన్నాడు.

వెళ్లి చూద్దుము కదా, ఇంటి స్థలం ఉండాల్సిన చోట సముద్రం ఉంది. వచ్చిపోవడం కాదు, కాపురమే పెట్టేసింది.

సర్వే అమ్మాయి పేరు ఆరాధన. చేతిలో ఫోను. "ఇల్లెక్కడండి?" అంది.

"ఇదిగోనమ్మా" అంటూ రాయప్ప మోకాలిలోతు నీళ్లలో తలుపు నిలబెట్టాడు. నేనో పక్క పట్టుకున్నాను.

ఆ అమ్మాయి తల పట్టుకుంది. "డోర్ నంబరంటే నంబరు బాబాయ్! చీటీ మీద రాసుకొస్తే చాలు. తలుపెందుకు మోసుకొచ్చారు?"

రాయప్ప నావైపు చూశాడు. నేను సముద్రం వైపు చూశాను.

అయినా మంచిపిల్ల. చెప్పులు విడిచి నీళ్లలోకి దిగి ఫొటో తీసింది. ఫోను ఎర్రగా అయింది. మళ్లీ తీసింది. మళ్లీ ఎరుపే.

"ఇది సముద్రం అని చూపిస్తోంది, తీసుకోదు. పక్కింటి ఏసురత్నం గారికి సగం గోడ మిగిలింది కాబట్టి ఆయన ఫొటో తీసుకుంది. మీకు వేరేచోట ఇవ్వాలంటే పాత స్థలానికి పట్టా ఉండాలి. ఉందా?"

రిబ్కా మొహం వెలిగిపోయింది. "పట్టా ఉందమ్మా! నీలంది. వినగడపలో కప్పుకున్నాం."

ఆ అమ్మాయి ఫోను కిందికి దించింది. "అది కాదు పిన్నీ. స్థలం కాగితం."

అలాంటి కాగితం రాయప్ప తాత కూడా చూళ్లేదు.

"మళ్లీ ఎప్పుడు రాసుకుంటారమ్మా?" అన్నాడు రాయప్ప.

"ఇవాళ్టితో సరి బాబాయ్."

ఆమె వెళ్లాక, తలుపుని ఆటో ఎక్కిద్దాం పట్టమన్నాను. రాయప్ప కదల్లేదు. "ఎక్కడికన్నా? దీని నంబరు ఇక్కడిదేగా" అన్నాడు. అడుగున ఇసుక తోడి, రాళ్లు పేర్చి, దాన్ని అక్కడే పాతాడు.

రిబ్కా గొళ్లెం తీసి గడప దాటింది. అవతల నీళ్లలో కాసేపు నిలబడింది. మళ్లీ అదే తలుపులోంచి ఇవతలికొచ్చి మెల్లగా మూసింది.

ముగ్గురం ఒడ్డుకొచ్చాం. అబద్ధానికి ఎప్పుడూ తడుముకోని నాకు, వాళ్లతో చెప్పడానికి ఆ రోజు ఒక్కటీ దొరకలేదు.

అటుగా గేదెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగి, నీళ్లలో నిలబడిన తలుపుని ఎగాదిగా చూసి కేకేశాడు:

"తాళం వేసుకోకుండా పోతున్నారేంటయ్యా? అసలే దొంగల కాలం!"