అద్దెకు తెచ్చిన నోరు

తెల్లబూట్లు, అదీ నవంబరులో, అదీ మా బొగ్గు ఊళ్ళో, గడప దాటితే బురదో నల్లపొడో అంటుకోని కాలు ఇక్కడ ఒక్కటైనా ఉందా, ఈ పెద్దమనిషి బూట్లకు మాత్రం మచ్చ లేదు, కారులోంచి నేరుగా వేదిక మీదికే దిగాడు కాబోలు, పేరు ప్లామెన్ ద్రాగోయెవ్, రాజధాని సోఫియా నుంచి పిలిపించిన ముఖ్య వక్త, ఉద్యోగాల్లో ఎలా ఎదగాలో చెప్పే నిపుణుడట, ఏ ఉద్యోగం చేసి ఎదిగావు నాయనా అంటే ఇదే ఉద్యోగం అంటాడేమో, ఇదే వేదిక మీద ఒకప్పుడు గని యూనియన్ వాళ్ళు మాట్లాడేవాళ్ళు, వాళ్ళూ రేపటి గురించే చెప్పేవాళ్ళు, మేమూ చప్పట్లు కొట్టేవాళ్ళం, ఆ రేపు వచ్చింది, గని మూసేసి పోయింది.

పక్కన నా కూతురు జోర్నిత్సా, ఒళ్ళో చేతులు పెట్టుకుని, చలికాలం ఇళ్ళకు గొట్టాల్లో వేడి పంపే ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా బిల్లుల కిటికీ వెనక కూర్చునే పిల్ల, పిల్లేమిటి నలభై దాటింది, పోయిన చలికాలం నుంచీ ఫోనులో వీడి గొంతే దానికి, గిన్నెలు కడుగుతూ కూడా వీడే, మొన్న వంటింట్లో ఫోనులో ఎవరితోనో అంటుంటే విన్నాను, సోమవారం వెళ్ళి మానేస్తున్నానని చెప్పేస్తానే, ట్రాము నడపడం నేర్పుతున్నారట సోఫియాలో, నా వయసు వాళ్ళనీ తీసుకుంటారట అని, నాతో మాత్రం ఒక్క ముక్క లేదు, నేనూ అడగలేదు, మా ఇంట్లో అడగడం అలవాటు లేదు, అందుకే, ఆఫీసులో ఒకావిడ రానంది నాన్నా, టికెట్టు మిగిలిపోయింది, దండగెందుకు నువ్వు రా అంటే, సరే అన్నాను, దీని బుర్రలో ఈ పురుగు వదిలినవాణ్ణి కళ్ళారా చూసి నలుగురిలో ఒక మాట అడుగుదామని వచ్చాను.

తలుపు దగ్గర ఒక అమ్మాయి మెడలో అట్టముక్క వేలాడదీసింది, సంతలో దూడకి కట్టినట్టు, చూడనైనా చూడకుండా కోటులోకి తోసేశాను, అది చూసి పెంకా నవ్వింది, గనిలో దీపాల గదిలో పనిచేసిన పెంకా, ఉచితంగా కాఫీ పోసే చోటల్లా ఉంటుంది, ఏమయ్యా గెనాదీ, ఈ వయసులో ఏ ఉద్యోగానికొచ్చావు, సమాధుల కాపలాకా అంది, నేను టోపీ తీసి దులుపుకున్నాను, పలకడులే, ఉన్న నాలుగు మాటలూ గనిలోనే పాతిపెట్టొచ్చాడు అంది పక్కావిడతో, జోర్నిత్సా నవ్వలేదు, ఊరుకో పెంకత్తా, ఇవాళ మా నాన్న వినడానికొచ్చాడు అంది.

వినడానికట, వింటూనే ఉన్నాను, భయమే మన అసలు యజమాని అంటున్నాడు వీడు, భయం సంగతి వీడికేం తెలుసు, గనిలో నెత్తిమీద దూలం కిర్రుమంటే పక్కవాడు నమలడం ఆపేసి నోట్లో ముద్దతో అలాగే ఉండిపోవడం, అదీ భయమంటే, అది చూసినవాణ్ణి గనకనే నా బిడ్డ వెచ్చటి గదిలో కుర్చీలో కూర్చోవాలనుకున్నాను, బతుకులో ఎవరినీ దేహీ అనని వాణ్ణి, ఆ కుర్చీ కోసం ద్రాక్ష రకియా సారా బుడ్డి చంకలో పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని మేనేజరు ఇంటికి వెళ్ళాను, బూట్లు విప్పి రావయ్యా అంది ఆయన భార్య, విప్పితే సాక్సుకు చిల్లు, దాని మీద రెండో పాదం వేసి దాచుకుంటూ ఒంటికాలి కొంగలా నిలబడి అడిగాను, మా అమ్మాయికి ఒక కుర్చీ ఇప్పించండి అని, ఇచ్చారు, మొదటిరోజు వాళ్ళమ్మ రాగి చెంబుతో గడప మీద నీళ్ళు పోసింది, పని నీళ్ళలా సాగిపోవాలని, ఆ తడి తొక్కుకుంటూ వెళ్ళింది బిడ్డ, అంతా బాగానే ఉంది కదా, ఇప్పుడు ఈ తెల్లబూట్లవాడు ఏమంటున్నాడు, మిమ్మల్ని ప్రేమించేవాళ్ళే మీకో కుర్చీ ఇచ్చారు, అందులోంచి లేస్తే వాళ్ళకు ద్రోహం చేసినట్టుంటుంది కదూ అంటున్నాడు, నవ్వుతూ అంటున్నాడు, హాలంతా చప్పట్లు, చూస్తే నా చేతులూ కొడుతున్నాయి, పాత అలవాటు, పాడు చేతులు, ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుని ఆపాను.

ప్రశ్నలుంటే అడగండి అన్నాడు, లేచాను, అమ్మో గెనాది లేచాడర్రా, గని మళ్ళీ తెరిచారేమిటి అంది వెనకనుంచి పెంకా, నవ్వనీ, అడగాల్సింది నమిలి నమిలి సిద్ధంగా ఉంచుకున్నాను, ఆ కిటికీ వదిలి రోడ్డున పడితే నా బిడ్డకి రొట్టె నువ్వు పెడతావా అయ్యా అని, మైకు పట్టుకొచ్చిన అమ్మాయి ముందు మీ పేరు చెప్పండి తాతగారూ అంది, పేరెందుకు నీకు, ఇదిగో మీ పేరూ మీ అట్టముక్కా అని తెంపి దాని చేతిలో పడేద్దామని కోటులోంచి లాగాను, ఏవో నల్లటి అక్షరాలు, మూడో తరగతితో ఆగిన చదువు నాది, కూడబలుక్కున్నాను, గె, నా, ది, కింద ఇంటిపేరు, చేత్తో రాసింది కాదు, అచ్చువేసింది, ముందుగా చెప్పి వేయించింది, ఆఫీసులో రానన్న ఆవిడ టికెట్టయితే దీని మీద ఆవిడ పేరు కదా ఉండాలి.

జోర్నిత్సా వైపు చూశాను, వేదిక మీద ఎవరున్నారో దానికి పట్టలేదు, పొద్దుటినుంచీ పట్టలేదేమో, నన్నే చూస్తోంది, కిటికీ ముందు బిల్లు పట్టుకుని నిలబడ్డవాణ్ణి చూసినట్టు, వీడు ఇప్పుడు అరుస్తాడు అని ముందే బిగబట్టుకున్న మొహంతో, తాతగారూ, మైకు, అంటోంది ఆ అమ్మాయి, ఏం లేదమ్మా అన్నాను, కూర్చున్నాను, దీన్ని ఆపడానికి నేను వచ్చాననుకున్నాను, నేను రాలేదు, ఇదే నన్ను తీసుకొచ్చింది, వంటింట్లో రొట్టె కోసుకుంటూ చెప్పుకోవాల్సిన మాట నాతో చెప్పలేక సోఫియా నుంచి వచ్చిన వాడి నోరు అద్దెకు తెచ్చుకుంది, వాడు కుర్చీ అన్నప్పుడల్లా మాట్లాడింది వాడు కాదు, వాడి మీద కోపం పోలేదు, ఆ బూట్ల మీద ఇప్పుడైనా ఇంత బొగ్గుపొడి చల్లాలనే ఉంది, కానీ అట్టముక్క తెంపలేదు, తిప్పి కోటు మీదే, పేరు పైకి కనపడేలా పెట్టుకున్నాను, జోర్నిత్సా చూసింది, సోమవారం పొద్దున ఇది గడప దాటుతుంది, నీళ్ళు పొయ్యడానికి వాళ్ళమ్మ లేదు, రాగి చెంబు అటక మీద ఎక్కడో ఉండాలి, మాట్లాడటం నాకు చేతకాదు, నీళ్ళు పొయ్యడం చేతనవును.