తువ్వాలు చాటు బేరం

బళ్లారి వేరుశనగ మండీలో రాజగోపాలయ్య నోరు తెరిచాడంటే పక్క వీధికి వినిపించాల్సిందే. అలాంటి మనిషి బేరం దగ్గర మాత్రం పెదవి విప్పడు. భుజం మీది తువ్వాలు తీసి ఎదుటివాడి చేతిమీద కప్పి, లోపల వేళ్లు పట్టుకుంటాడు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఆ చాటున ఒప్పుకున్న మాట నలభై ఏళ్లలో ఆయన ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ గర్వం కూడా ఆయనకు కాస్త జాస్తే.

మనవరాలు పంకజాక్షికి పన్నెండేళ్లు. ఆ పిల్లకు పుట్టుకతో వచ్చిన జబ్బొకటి ఉంది. పప్పులో, పాలలో ఉండే ప్రోటీనులో ఒక భాగం ఒంటికి పట్టక అలాగే మిగిలిపోతుంది. అది ఎక్కువైతే మెదడుకు చేటు. అందుకని పప్పు లేదు, పెరుగు లేదు, వేరుశనగలు అసలే లేవు. బెంగళూరు డాక్టరమ్మ ఇచ్చిన పొడి కలుపుకుని తాగాలి, కొలిచి పెట్టిన అన్నం తినాలి. ఇంటినిండా బస్తాలు పెట్టుకుని పిల్లకు ఒక్క గింజ పెట్టలేని ఖర్మ. జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచి రాజగోపాలయ్య కూడా గింజ నోట్లో వేసుకోలేదు. ఎవరైనా అడిగితే పళ్లు కదులుతున్నాయని చెప్పేవాడు. ఆ పళ్లతోనే చెరకు గడలు చీల్చేవాడు, అది వేరే సంగతి.

తొంభై ఆరులో డాక్టరమ్మ కొత్త పరీక్ష మొదలుపెట్టింది. రక్తంలో ఎంతుందో సూదితో తెలుస్తుంది గానీ, మెదడులో ఎంత పేరుకుందో తెలియదు. పెద్ద అయస్కాంతం ఉన్న స్కానింగ్ మిషన్లో పడుకోబెడితే, మెదడులో ఏ రసాయనం ఎంతుందో కాగితం మీద గీతలుగా వస్తుందట.

"అంటే బస్తా కుట్టు ఇప్పకుండానే లోపలి సరుకు చూస్తారన్న మాట," అన్నాడు రాజగోపాలయ్య.

"అంతే," అని నవ్వింది డాక్టరమ్మ. "తక్కువగా ఉంటే రోజుకు కొన్ని వేరుశనగ గింజలు లెక్కగా పెట్టొచ్చు. కానీ నలభై నిమిషాలు తల కదపకూడదు. ఈ జబ్బుకు మత్తు ఇవ్వడం నాకిష్టం లేదు."

చిక్కంతా అక్కడే. అంతకుముందు రెండుసార్లు తల్లి తీసుకెళ్లింది. మిషను మోతకు పిల్ల తల ఎత్తేసింది. పిల్ల ఏడిస్తే తల్లీ ఏడ్చింది. ఈసారీ కాకపోతే ఇక వంతు దొరకదని ఆసుపత్రి వాళ్లు చెప్పేశారు. అందుకే తాత బయల్దేరాడు.

గది బయట ఆయన గడియారం, తాళాలు, వెండి మొలతాడు అన్నీ తీయించారు. తువ్వాలు గుడ్డే కదా అని ఉంచుకోనిచ్చారు. పంకజాక్షి మిషను సొరంగంలోకి పోయింది. మోకాళ్ల కింది భాగమే బయట ఉంది.

"పాదాల దగ్గర కూర్చోండి. కాలివేళ్లు కదిలినా పరవాలేదు, తల కదలకూడదు," అన్నాడు టెక్నీషియన్.

మిషను డబడబా మోగడం మొదలుపెట్టింది. పిల్ల కాళ్లు వణికాయి.

"బయపడాకమ్మా! నేనీడే ఉండా!" అని అరిచాడు రాజగోపాలయ్య. మండీని గడగడలాడించే ఆ గొంతు ఆయనకే వినపడలేదు.

ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ భుజం మీది తువ్వాలు తీసి పిల్ల పాదాల మీద కప్పి, రెండు కాలివేళ్లు పట్టుకున్నాడు.

వణుకు ఆగింది. మండీలో ఆయన ఒళ్లో కూర్చుని ఆ విద్య నేర్చిన పిల్లే అది. తాత ఏ సరుకు బేరం పెట్టాడో వేరే చెప్పాలా? రోజుకు రెండు గింజలు! బొటనవేలు అటూ ఇటూ ఊగింది. కుదరదట.

రెండు నిమిషాల్లో బేరం తెగ్గొట్టే మనిషి ఆ రోజు దాన్ని జీడిపాకంలా సాగదీశాడు. మూడు దగ్గర కాసేపు అలిగాడు. నాలుగు పట్టుకుని, మనసు మార్చుకున్నట్టు ఒకటి వదిలేశాడు. పిల్ల కాలి నుంచి అరచేతిలో ఒక చిన్న తాపు పడింది. ఆరు దగ్గర ఆయనకు నిజంగానే చెమట పట్టింది. చివరికి రెండు పాదాల వేళ్లన్నీ గుప్పిళ్లతో పట్టేశాడు. పది! వేళ్లు ముడుచుకుని ఆయన చేతులను గట్టిగా నొక్కాయి. బేరం ఖాయం.

"తల వెంట్రుకవాసి కదల్లేదండీ," అన్నాడు టెక్నీషియన్. రాజగోపాలయ్య అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

పదిహేను రోజులకు బళ్లారికి ఉత్తరం వచ్చింది. మెదడులో పేరుకున్నది తక్కువే, పథ్యం బాగా పనిచేస్తోంది, నెలనెలా రక్తం చూపిస్తూ రోజుకు ఏడు గింజలు పెట్టవచ్చు అని రాసింది డాక్టరమ్మ. ఇంట్లో అందరికీ పండగే. రాజగోపాలయ్య మాత్రం గల్లాపెట్టె దగ్గర తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏంది తాతా, మొగం అట్ల పెట్టుకోనుండావు?" అంది పంకజాక్షి.

"తువ్వాలు కింద పదికి ఒప్పుకుంటి గదమ్మా. డాక్టరమ్మ ఏడే అంటాండాది. నలబై ఏండ్లలో నేను మాట తప్పింది ఇదే."

పంకజాక్షి బస్తాలోంచి కాయలు తీసి ఒలిచి, పది గింజలు ఏరింది. ఏడు తన అరచేతిలో ఉంచుకుని మూడు ఆయన చేతిలో పోసింది.

"యాడ తప్పినావు? ఏడూ మూడూ పదే గదా. పండ్లు కదుల్తాండాయని మాత్రం చెప్పాకు. అదంతా నాకు తెలుసు."

రాజగోపాలయ్య మూడు గింజలూ నోట్లో వేసుకున్నాడు. తువ్వాలు తీసి పిల్ల చేతిమీద కప్పి, వేళ్లన్నీ గట్టిగా పట్టుకున్నాడు.

"ఐదా?" అని పకపకా నవ్వింది పంకజాక్షి. "ఏడుకు ఒక్కటి తగ్గినా ఒప్పుకోను తాతా!"