బ్యాటరీకి పోసిన మంచినీళ్లు

కుళాయి నీళ్లంటే కరుణాకుమారికి ఒళ్లుమంట. సూళ్లూరుపేట దాటి సరస్సు వైపు పోతే వచ్చే ఆ ఊళ్లో పంచాయతీ బోరు నీళ్లు నోట్లో పోసుకున్నవాడు చప్పున ఉమ్మేయాల్సిందే. గీజరు లోపల కాయిలు సున్నం పెచ్చులు కట్టి కాలిపోయింది. వాషింగ్ మిషన్ గొట్టాలు పూడుకుపోయి, పట్టుమని రెండేళ్లు తిరక్కుండానే మూలన కూర్చుంది. ఇడ్లీపాత్ర అడుగున తెల్లటి పొర ఎంత చింతపండు పెట్టి తోమినా వదలదు.

"సముద్రాన్ని గొట్టంలో పెట్టి ఇంటికి పంపిస్తా ఉండారు, వాళ్ల మొహం మండ!" అని ఆమె తిట్టిపోస్తుంటే, "దాంతోపాటు నాలుగు చేపలు కూడా పంపిస్తే కూరకన్నా అయ్యుండును" అని భర్త ఆండ్రూ నవ్వేవాడు. నవ్వు సగంలో ఉండగానే దగ్గు అందుకునేది.

నాయుడుపేట దగ్గర రైసుమిల్లులో ఊక దుమ్ము మింగీ మింగీ ఆండ్రూ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. ఇప్పుడు మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంటేనే మనిషి. ఆ మిషన్‌కి కరెంటు కావాలి. ఆ ఊళ్లో కరెంటు సంగతి చెప్పేదేముంది, సముద్రం మీద గాలి గట్టిగా తుమ్మితే పోతుంది! అందుకని ఇన్వర్టరు పెట్టించారు. కరెంటు పోయినప్పుడల్లా ఆ బ్యాటరీయే ఆయనకు ఊపిరి.

బిగించిన రోజున మెకానిక్ మస్తాన్ వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు. "అక్కా, బ్యాటరీలో నీళ్లు తగ్గితే పొయ్యాల. మీ కుళాయి నీళ్లు మాత్రం పొయ్యబాక, చచ్చిపోతాది. మంచినీళ్లు పొయ్యి."

కరుణాకుమారి ఆ మాటను దేవుని వాక్యంలా పట్టుకుంది. ఆ ఊళ్లో నీళ్లు రెండే రకాలు. తాగేవి మంచినీళ్లు, వాడుకునేవి ఉప్పునీళ్లు. మూడో రకం ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోరు. ఆటోలో వచ్చే మినరల్ వాటర్ క్యాను దించుకుని, బ్యాటరీ మూతలు తీసి, గరాటు పెట్టి, చంటిబిడ్డకు ఉగ్గు పోసినంత జాగ్రత్తగా పోసేది. క్యాను ఆటో రాని రోజుల్లో తాను కుళాయి నీళ్లు కాచుకుని, ముక్కు మూసుకుని తాగి, ఉన్న కాసిని మంచినీళ్లు ఆయనకూ బ్యాటరీకీ దాచేది.

"నీకు ఇద్దరు మొగుళ్లయినారు మే. నాకంటే దాన్నే బాగా చూసుకుంటా ఉండావు" అనేవాడు ఆండ్రూ.

"అది బాగుంటేనే గదా నువ్వుండేది" అనేది ఆమె.

కొన్నాళ్లుగా కరెంటు పోయిన కాసేపటికే ఛార్జి అయిపోతోందని ఇన్వర్టరు కుయ్యోమనడం మొదలుపెట్టింది. పాపం, దానికి దప్పిక ఎక్కువైందనుకుని ఇంకాస్త పోసింది.

వాయుగుండం పట్టిన రోజు మధ్యాహ్నం గాలి ఎత్తుకుంది. వీధిలో రేకులు లేచిపోతున్నాయి. కరెంటు పోయింది, ఇన్వర్టరు అందుకుంది. హమ్మయ్య అని ఆమె అలా కూర్చుందో లేదో, ఇన్వర్టరు గోలగోలగా కూసి ఆగిపోయింది. దాంతో మిషనూ ఆగిపోయింది.

ఆండ్రూ లేచి కూర్చున్నాడు. నోరు తెరిచి ఎగబీలుస్తున్నాడు. ఆమె స్విచ్చి వేసింది, తీసింది, మళ్లీ వేసింది. కాళ్లు పట్టుకున్నట్టు బ్యాటరీ ముందు కూలబడి బతిమాలింది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, రోడ్డుకు అడ్డంగా చెట్టు పడింది, తీస్తా ఉండాం అన్నారు. విసనకర్ర తీసుకుని పిచ్చిదానిలా విసిరింది. ఊరంతా గాలే. ఆయన రొమ్ములోకి మాత్రం ఇంత కూడా పోవడం లేదు. "ప్రభువా, ప్రభువా" అని ఏడుస్తూనే విసిరింది. ఆయన ఆమె చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయాడు. కాసేపటికి ఆ పట్టు సడలింది.

మర్నాడు పొద్దున కరెంటు వచ్చింది. స్విచ్చి కట్టెయ్యాలని ఎవరికీ తోచలేదు. శవం పక్కన మిషన్ బుస్సుమంటూ దానంతటది పనిచేయడం మొదలుపెట్టింది. ఇల్లంతా గొల్లుమంది.

మస్తాన్ కూడా చూడ్డానికి వచ్చాడు. కరుణాకుమారి అతన్ని బ్యాటరీ దగ్గరికి తీసుకుపోయింది. "ఎందుకు ఆగిందో చూడబ్బయ్యా. నాకు తెలియాల."

అతను మూతలు తీసి, సెల్ఫోన్ లైటు వేసి చూశాడు. "ఏం నీళ్లు పోసినావక్కా?"

"మంచినీళ్లే. మినరల్ వాటర్. కుళాయి నీళ్లు ఒక్క చుక్క తగలనియ్యలేదు."

మస్తాన్ మొహం పాలిపోయింది. "అయ్యో అక్కా! అయ్యి తాగే నీళ్లు. వాటిలోనూ ఉప్పులుంటాయి. దీనికి డిస్టిల్డ్ వాటర్ పొయ్యాల, అంగట్లో సీసాల్లో అమ్ముతారు. మా పనిలో దాన్నే మంచినీళ్లంటాం..." అన్నాడు మూతలు బిగిస్తూ. "విడమరిచి చెప్పలేదే నేను."

అంటే ఇన్నాళ్లూ ఆమె పోసిన కొద్దీ అది చస్తూ వచ్చింది. కుళాయి నీళ్లు ఒక్కసారే చేసే పనిని, ఆమె ప్రేమగా, కొంచెం కొంచెంగా చేసింది.

ఇంట్లో ఆండ్రూ చెల్లెలు విజయకుమారి వచ్చిన వాళ్లందరికీ చెబుతోంది. "మా వదిన లాంటి ఆడది ఉండదమ్మా. తన గొంతెండినా మా అన్న బ్యాటరీకి నీళ్లు పోసింది."

కరుణాకుమారి తట్టుకోలేకపోయింది. "నేనే చంపినాను! ఆ నీళ్లే చంపినాయి. నా చేత్తో నేనే పోసి చంపుకున్నాను!" అని అరిచింది.

విజయకుమారి పరుగున వచ్చి కావలించుకుంది. "అట్ట అనబాక వదినా. దుఃఖంలో అట్నే అనిపిస్తాది. నువ్వేంది, చంపేదేంది!"

"మస్తానూ, నువ్వన్నా చెప్పు" అంది కరుణాకుమారి. మస్తాన్ గుమ్మంలో చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

పాస్టరు గారు ఆమె తల మీద చెయ్యి పెట్టి, దేవుడు పిలుచుకున్నాడమ్మా, నీ తప్పేమీ లేదు అన్నారు. అందరూ అదే అన్నారు. తప్పే లేదనేవాళ్లు ఇంక దేన్ని క్షమిస్తారు? క్షమించగలిగిన మనిషి ఒక్కడే, పెట్టెలో పడుకుని ఉన్నాడు.