రెండో బటన్

"దిగేముందు సీటు వెనక్కి జరిపెయ్."

పాత కారు ఉన్నన్నాళ్లూ తాళాలు చేతిలో పెడుతూ మా ఇంటాయన నాతో అన్న మాట ఇదొక్కటే. జాగ్రత్తగా వెళ్లు అని కాదు, త్వరగా వచ్చెయ్ అని కాదు. ఆయన ఆరడుగుల మనిషి. నేను ఆయన భుజం దాకా వస్తాను, అదీ ఎత్తు మడమల చెప్పులేసుకుంటే. అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలన్నా, పెట్రోలు పోయించాలన్నా, సర్వీసింగుకి ఇచ్చి రావాలన్నా కారు నాది. మిగతా వేళల్లో ఆయనది. ఎక్కగానే సీటు ముందుకి లాక్కుని, పైకి లేపుకుని, వెనక చూసే అద్దాలు నా చూపుకి తిప్పుకునేదాన్ని. ఇంటికొచ్చాక అన్నీ మళ్లీ ఆయన కొలతకి తెచ్చి దిగేదాన్ని, తిన్న కంచం కడిగి బోర్లించినట్టు. ఎంత చూసుకున్నా ఒక్కోసారి కాస్త తేడా వచ్చేది. "ఎవరు కూర్చున్నారు ఇందులో? మోకాళ్లు తగుల్తున్నాయి" అని కేకేసేవారు. ఇంట్లో కారు నడిపేది మేమిద్దరమే.

పోయినేడు ఆ కారు అమ్మేసి ఇప్పటిది కొన్నాం. దాన్ని చూడటానికి ఎవరొచ్చినా ఆయన చెప్పే మాటలు నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పగలను. "సగం ధరకి మహారాజు బండి. అదే తోలు, అదే ఇంజను, అదే నిశ్శబ్దం. పేరుకోసం రెండింతలు పోస్తారు పిచ్చివాళ్లు!" నిజం చెప్పాలంటే బండి మంచిదే. తలుపు వేస్తే బయట ఎంత గోల ఉన్నా వినబడదు. ఆ సుఖం విలువ మా ఇంట్లో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నేను బ్యాంకులో పనిచేస్తాను కాబట్టి, ఉద్యోగులకి అప్పు తేలిక కాబట్టి, కొన్నది నా పేరు మీద. వాయిదా పోయేది నా జీతంలోంచి. "ఎవరి పేరైతే ఏంటి, మనదే కదా" అన్నారాయన. డ్రైవింగ్ సీట్లో కూర్చుని అన్నారు.

బండితోపాటు లావుపాటి పుస్తకం ఒకటి ఇచ్చారు. "నువ్వు చదివి చెప్పు, నాకంత ఓపిక లేదు" అని నా ఒళ్లో పడేశారు. స్టవ్ మీద పాలు కాగుతుంటే నిలబడి చదివాను. డ్రైవర్ తలుపుకి ఒకటి, రెండు అని బటన్లున్నాయట. సీటూ అద్దాలూ ఎవరి కొలతకి వాళ్లు సర్దుకుని, సెట్ అన్నది నొక్కి, ఆ తర్వాత అంకె నొక్కితే బండి గుర్తుపెట్టుకుంటుందట. ఇంకెప్పుడు ఆ అంకె నొక్కినా సీటు తనంతట తనే ఆ మనిషి కొలతకి వచ్చేస్తుందట. చదువుతుంటే నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. ఎక్కడో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి, ఇలాంటి ఇళ్లలో రెండో మనిషి కూడా ఉంటుందని తలుచుకున్నాడు కదా అనిపించింది. పాలు పొంగిపోయాయి.

ఆయన్ని కూర్చోబెట్టి ఒకటి సెట్ చేశాను. టింగ్ మంది. దిగుతారని తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వెనక్కి వాలి, కాళ్లు చాపి, "ఇది హైవే మీదికి బావుంటుంది. దీన్ని రెండులో పెట్టు" అన్నారు. నోరు తెరవబోయాను. "నీకెందుకు, నువ్వు వెళ్లేదెంత దూరం? ఇక నీకే హాయి. దిగేటప్పుడు ఒకటి నొక్కితే చాలు, పాత బండిలాగా తంటాలు పడక్కర్లేదు." నా హాయి గురించి ఆయన ఆలోచించే తీరు అది. రెండోది కూడా నా చేత్తోనే సెట్ చేసిచ్చాను. ఆ రాత్రి ఎందుకో అన్నం సహించలేదు. ఒక బటన్ కోసం ఏడిచే ఆడదాన్ని ఎవరు ఓదారుస్తారు?

ఆయన ఆఫీసుకి వెళ్లేది ఆఫీసు వ్యానులో. బండి వారమంతా తొడుగు కప్పుకుని షెడ్డులో పడుకుంటుంది. ఆదివారం నేను తుడిస్తే, ఆయన స్నేహితులకి చూపిస్తారు. ఇలా ఉండగా బ్యాంకులో నాకు మళ్లీ పిలుపు వచ్చింది. ఊరి బయట హైవే మీద కొత్త బ్రాంచి తెరుస్తున్నారు, దానికి మేనేజరుగా వెళ్తారా అని. అక్కడికి బస్సుల్లేవు. ఇలాంటి అవకాశమే వెనక ఒకసారి వస్తే, దూరమని ఇంట్లో వద్దంటే వదిలేసుకున్నాను. అప్పుడు నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు ఇప్పుడు నాకు మేనేజరు. మంచివాడే. "మీరు లేకపోతే ఈ బ్రాంచి నడవదు మేడమ్" అంటాడు. నడిపేది నేను, కూర్చునేది అతను. పెద్దాఫీసరు ఫోన్లో అన్నారు, "ఇంట్లో అడిగి చెప్తానంటారేమో, అడగండి. సోమవారానికల్లా తేలిపోవాలి. మూడోసారి నేను అడగను."

అడిగాను.

"అంత దూరం ఎలా వెళ్తావ్?" అన్నారు మా ఆయన.

"కారుంది కదండీ."

ఆయన నవ్వారు. ఎగతాళిగా కాదు, నిజంగానే నవ్వొచ్చి. "లారీలు తిరిగే రోడ్డు మీదా? మహారాజు బండిని తీసుకెళ్లి గోడౌన్ల పక్కన నిలబెడతావా?"

"ఉన్న కుర్చీలో సుఖంగా కూర్చోక ఎందుకమ్మా ఈ పాట్లు" అన్నారు అత్తగారు.

ఆ ఆదివారం షోరూం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బండి కొని ఏడాది అయినవాళ్లు ఎంత తృప్తిగా ఉన్నారో కంపెనీ అడిగి రమ్మందట, వీడియో తీసుకుంటుందట. ఆయన ఇద్దరు స్నేహితుల్ని కూడా పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్రైవింగ్ సీట్లో ఠీవిగా కూర్చున్నారు. అత్తగారు వరండాలో కుర్చీ వేయించుకున్నారు. నేను కాఫీలు తెచ్చేసరికి ఆ అమ్మాయి ఇబ్బందిగా నిలబడి ఉంది.

"సార్, ఓనర్ మేడమ్ కదా. ఓనర్‌తోనే మాట్లాడించమన్నారు."

"కాగితాల మీద ఓనరులే అమ్మా!" అన్నాడు ఒక స్నేహితుడు. అందరూ నవ్వారు.

అత్తగారు నన్ను వెనకేసుకొచ్చారు. "మా కోడలికి అన్నీ వచ్చమ్మా. ఇల్లు, ఉద్యోగం, కారు నడపడం. ఏ పట్టింపులూ లేని పిల్ల. ఇలాంటిది ఇంత తేలిగ్గా ఎవరికి దొరుకుతుంది చెప్పు?" మెచ్చుకోలుగానే అన్నారు పాపం. అదే సమయానికి ఈయన కారు దిగుతూ స్నేహితుడితో సగం ధరకి మహారాజు బండి అంటున్నారు. రెండు మాటలూ కలిసి నా చెవిన పడ్డాయి. ట్రే కింద పెట్టి వెళ్లి కారెక్కాను.

కాళ్లు పెడళ్లకి అందలేదు. స్నేహితులు మళ్లీ నవ్వారు.

"మీ బటన్ నొక్కుకోండి మేడమ్" అంది షోరూం అమ్మాయి.

"ఆవిడకి బటన్ లేదమ్మా, రెండూ నావే" అన్నారు మా ఆయన సరదాగా.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. కెమెరా సర్దుకుంటున్నట్టు తల దించుకుంది. "కాసేపు ఆగమ్మా" అన్నాను. తలుపు వేసుకున్నాను. బయట నవ్వులు ఆగిపోయాయి, బండి అంత మంచిది మరి. సీటు ముందుకి జరుపుకున్నాను. పైకి లేపుకున్నాను. అద్దాల్లో వెనక గేటు, గేటు దాటి రోడ్డు కనబడేదాకా సర్దుకున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు, పెట్టినా వినబడేది కాదు. భయమేసింది. ఇంత చిన్న పనికి ఇంత భయమేమిటని నా మీద నాకే కోపమొచ్చింది. సెట్ నొక్కి, రెండు నొక్కాను.

టింగ్.

కిటికీ అద్దం దించి, "ఇప్పుడు అడుగు" అన్నాను.

"ఈ కారుతో మీరెంత తృప్తిగా ఉన్నారు మేడమ్? పదికి ఎన్ని?"

ఆ అమ్మాయి వెనక నిలబడి మా ఆయన రెండు చేతులూ పైకెత్తి పది వేళ్లు చూపిస్తున్నారు.

"పది" అన్నాను. "బండిలో తప్పేం లేదమ్మా."

ఆ అమ్మాయి వెళ్లిపోయాక ఖాళీ కప్పులు లోపల పెట్టి, పెద్దాఫీసరుకి మెసేజ్ పంపాను, ఒకటో తారీకున చేరతానని. ఈసారి ఎవరినీ అడగలేదు. చేతులు తుడుచుకుంటుంటే షెడ్డులోంచి పెద్దగా నవ్వులు, వాటి మధ్య మా ఆయన కేక. పరుగెత్తుకెళ్లాను. స్నేహితులకి తన హైవే దర్జా చూపించబోయి రెండు నొక్కారట. వెనక్కి వాలాల్సిన సీటు ఆయన్ని పైకి లేపుతూ, నెమ్మదిగా, మర్యాదగా ముందుకి తీసుకుపోతోంది. మోకాళ్లు స్టీరింగుకి ఆనాయి, తల బండి పైకప్పుకి తగిలేట్టుంది.

"ఏమిటిది? నా హైవే సీటేమైంది?"

తలుపు తీసి పట్టుకున్నాను, దిగడానికి వీలుగా.

"ఒకటి మీదే, అలాగే ఉంది. ఒకటో తారీకు నుంచి హైవే మీదికి రోజూ వెళ్లేది నేను కదండీ."