గులకరాళ్ళ కింది పురుగులు

ఈ పురుగుల్ని పుట్టించింది మీ చేతులే. మీవి, అత్తయ్యవి. నావి కావు. ఈ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే మీరప్పటికే అక్వేరియం అద్దాన్ని వేలితో కొడుతున్నారు. ఆ టకటక వింటే చేపలు మూలకి పోతాయి. నేనూ అంతే.

అద్దం మీద తెల్లదారం ముక్కల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇంట్లో ఆడమనిషి శుభ్రంగా ఉంటే నీళ్ళలో పురుగులెందుకు పడతాయమ్మా?" అన్నారు అత్తయ్య, చేతికంటిన బిస్కెట్ పొడిని ఆ నీళ్ళలోకే దులుపుతూ.

మీరు ఫోన్ మాట్లాడుతూ చిటికెడు మేత వేస్తారు. టీవీ చూస్తూ ఇంకో చిటికెడు. చేప నోరు తెరిస్తే చాలు, పాపం ఆకలనుకుంటారు. ఈ ఇంట్లో నోరు తెరిస్తే ఆ మర్యాద దక్కేది చేపలకే. తినగా మిగిలిందంతా గులకరాళ్ళ కింద కుళ్ళుతుంది. ఉద్యోగం నుంచి వచ్చి, కుర్తా చేతులు పైకి మడిచి, ప్లాస్టిక్ గొట్టం నోట పెట్టుకుని ఆ మురుగు లాగేది నేను. ఒకసారి అది గొంతులోకి పోయి కక్కుకుంటుంటే మీరు నవ్వారు. "చారు బాగా కుదిరిందా?" అన్నారు.

ఇవాళ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "పురుగుల మందు. మొత్తం పొయ్యి. సాయంత్రం మా మేనేజర్ వస్తున్నాడు, ఒక్కటి కనపడకూడదు."

సీసా మీద చదివాను. అడుగు కడిగాకే పోయాలట, అదీ చుక్కలు చుక్కలుగా. ఇంత మురికిలో పురుగులన్నీ ఒక్కసారే చస్తే నీళ్ళు పాడై చేపలూ పోతాయి. పోస్తే చేపలు చచ్చినందుకు తిట్లు, పోయకపోతే పురుగులున్నందుకు. తిట్లతో ఆగితే నాకింత భయం ఉండేది కాదు. పోయినసారి నారింజ చేప చచ్చి తేలినప్పుడు మీరు విసిరిన స్టీలు మగ్గు నా చెవి పక్కనుంచి పోయింది. గోడకి పడ్డ సొట్ట మీద మర్నాడు మీరే కేలండర్ తగిలించారు.

"అలా చూస్తావేంటి? పొయ్యి."

మూత బిగించాను. భయం పోలేదు. అయినా ఆగలేదు.

"పొయ్యను. ఆ మేత డబ్బా ఇటివ్వండి. అత్తయ్యా, బిస్కెట్ అవతల పెట్టండి. ఏమండీ, గొట్టం ఇదిగో, ఈసారి మీ నోట పెట్టుకుని లాగండి. బకెట్ నేను పట్టుకుంటాను. ముందు ఆ కేలండర్ తియ్యండి. వచ్చేవాళ్ళు గోడ కూడా చూడాలి."