ఎల్బియా ఇంట్లో లేదు

ఏదో కొట్టబోయాడు, వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి, ఏం కొట్టబోయాడో అదే గుర్తు రావడం లేదు, సరే పోనీ, వేళ్లకే వదిలేస్తే అవే కొడతాయి, ఎన్నేళ్లుగా కొడుతున్నవి, బుర్రకన్నా వాటికే జ్ఞాపకం ఎక్కువ, అదిగో కొట్టేశాయి, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పాకాయి, గుట్ట మీది ట్యాంకు నిండింది, రేవు దగ్గరి పంపు ఆగింది, అంటే సాల్తో ఊరికి ఈ పూట నీళ్లకు లోటు లేదు, మిల్టన్ బెంతాంకోర్ కుర్చీలో వెనక్కి వాలాడు, ఈ నీళ్ల ఆఫీసులో ఈ పాత కంప్యూటర్ పెట్టె ముందే అతని జుట్టు నెరిసింది, పంపుల స్క్రిప్టు అతను రాసిందే, ఆజ్ఞలన్నీ ఒకదాని కింద ఒకటి పేర్చి దానికో పేరు పెట్టాడు, పేరు కొడితే చాలు, పని దానంతటదే జరిగిపోతుంది, కానీ లోపల ఏ ఆజ్ఞ తర్వాత ఏ ఆజ్ఞ, ఎందుకు, అని ఎవరైనా అడిగితే, అదే కదా ఇప్పుడొచ్చిన చిక్కు, పది గంటలకు పక్క గదిలో పనిచేసే నోయెమి వస్తుంది, పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కొక్కటే అడుగుతుంది, ఇదేం చేస్తుంది పెద్దాయనా, ఇది లేకపోతే ఏమవుతుంది, తను చెప్పాలి, ఆమె రాసుకోవాలి, ఎందుకంటే సోమవారం ఈ పెట్టెను తీసేస్తున్నారు, ఇక అంతా కొత్త సిస్టమే, రంగురంగుల బొమ్మలు, మౌస్ పట్టుకుని వాటి వెంట పడాలి.

చెప్పలేకపోతే బయటపడిపోతుంది, కొత్తది ముట్టుకోనంటే అందరూ ఇన్నాళ్లూ మొండితనం అనుకున్నది మొండితనం కాదని, మతి తప్పుతోందని, అది తెలిశాక ఒక్క రోజు కూడా ఉంచరు, నీళ్లతో ఆటలా అంటారు, వాళ్లన్నదీ నిజమే, మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు గానీ మతిమరుపువాడికి ఎవరు జడుస్తారు, అందుకే మొండివాడిగానే ఉండిపోయాడు, నోయెమి రోజూ ఎగతాళి చేసేది, మ్యూజియం వాళ్లు ఫోన్ చేశారు పెద్దాయనా, ముందు నిన్ను పంపాలా నీ పెట్టెను పంపాలా అని, తనేం తక్కువ తిన్నాడా, నీ బొమ్మ కళ్లు తెరిచేలోపు నేను ఊరందరికీ నీళ్లు పంపి మాతే టీ కూడా తాగేసి వస్తాను పోవే అమ్మాయ్ అనేవాడు, అందరూ నవ్వేవాళ్లు, ఆ నవ్వుల చాటున హాయిగా దాక్కున్నాడు, ఇప్పుడు ఎక్కడ దాక్కోవాలి, ఇంట్లోనా, ఇంట్లో మాత్రం ఎవరున్నారు, భార్య ఎల్బియా కూడా లేదు, పైసందూ ఊళ్లో చెల్లెలి దగ్గరికి వెళ్లి కూర్చుంది, ఎన్నాళ్లయిందో, వంటింట్లో ఆవిడ ఏప్రాన్ మేకుకి అలాగే వేలాడుతోంది, వెళ్లిన మనిషి ఒక్క ఫోనైనా చేయదు, అక్కచెల్లెళ్లిద్దరూ కలిస్తే లోకం గుర్తుండదు, రానీ, వచ్చాక చెబుతాను.

పది కాకముందే చదువుకోవాలి, పరీక్షకు ముందు కుర్రాళ్లు చదివినట్టు, ఏదో ఒకటి తెరిచి చూడాలి, ఏది తెరవాలి, పొద్దున పెట్టె వెలిగించగానే పలకరించేదాన్నే తెరుద్దాం, అది చిన్నది, అది ఊరికోసం కూడా కాదు, తనకోసం తను రాసుకున్నది, రోజూ నాలుగు మాటలు చెబుతుంది, ఈ రోజు గురువారం, చలికాలం, మాత్ర వేసుకో, కోటు తలుపు వెనక ఉంది, ఎల్బియా ఇంట్లో లేదు, మధ్యాహ్నం ఇక్కడే ఏదైనా తిను, చదివి సరేనని మీట నొక్కుతాడు, తనకు తానే ఇంత జాగ్రత్తగా చెప్పుకున్నందుకు ఒక్కోసారి ముచ్చట కూడా వేస్తుంది, దాన్ని నడపడమే గానీ విప్పి చూసి ఎంతకాలమైందో, విప్పాడు, ఆజ్ఞలు వచ్చాయి, ఇదేమిటి, ఈ వాక్యం మొదట్లో రెండు జతల చుక్కలున్నాయి, తను ఇలా రాయడు, యంత్రం చదవకుండా వదిలేయాల్సిన మాట, మనిషి మనిషికి చెప్పుకునే మాట, దాని ముందు తను రెమ్ అని పెడతాడు, ఎప్పుడూ అంతే, చచ్చినా మార్చడు, ఈ చుక్కలు నోయెమివి, చేరిన కొత్తలోనే దీని మీద పెద్ద రగడ, మూడక్షరాలు దండగ పెద్దాయనా, చుక్కలు చాలు కదా, చాలవమ్మా, అది కమాండు కాదు, దొంగదారి, బ్రాకెట్ల మధ్య పెట్టావంటే ఒకరోజు బోర్లా పడతావు, పడితే లేస్తాలే, అని వెక్కిరించి వెళ్లిపోయిన పిల్ల తన స్క్రిప్టులోకి ఎప్పుడు వచ్చింది, ఎవరు రమ్మన్నారు, కోపం వచ్చింది, ఆ కోపంతోనే ఆ చుక్కల పక్కన ఉన్నది చదివాడు, చనిపోయింది అని రాస్తే అప్పుడే విన్నట్టు ఏడ్చాడు, ఇంట్లో లేదు అని ఉంచు, ఈ మాట మార్చకు.

ఎవరు ఏడ్చారు, ఎవరు చనిపోయారు, మళ్లీ చదివాడు, చావు కబురు చల్లగా చెప్పడమంటే ఇదే, చుక్కల వెనక అక్షరాలు కదలకుండా కూర్చున్నాయి, కింద మరో చుక్కల మాట, పన్నెండింటికి ఇంటికి ఫోన్ చేస్తున్నాడు, ఎవరూ ఎత్తకపోతే కంగారుపడుతున్నాడు, అందుకే తిండి మాట ఆ వెంటనే పెట్టాను, ఎల్బియా, అయ్యో ఎల్బియా, పైసందూ ఏమిటి, చెల్లెలు ఏమిటి, ఆస్పత్రి వరండాలో నారింజ పూల వాసన, బయట తోటలన్నీ పూసి ఉన్నాయి, డాక్టరు ఏదో చెబుతున్నాడు, తను అతని బూట్లనే చూస్తున్నాడు, శ్మశానంలో తన కోటు గుండీ ఎవరో పెట్టారు, చలికాలం పోయింది కదా ఈ కోటెందుకు పెద్దాయనా అని కూడా అన్నారు, నోయెమే అంది, ఆవిడ మట్టిలో ఉంది, తనేమో ఫోన్ చేయదేమని మనసులో తిట్టుకుంటున్నాడు, ఎంత పాపిష్టివాణ్ణి, ఏడ్చేశాడు, ఈ ఏడుపు ఎన్నోసారి, నిన్న కూడా ఏడ్చాడా, ఏడ్చి మరిచిపోయాడా, ఏడవడానికైనా దుఃఖం దగ్గరుండాలి కదా, అదీ నిలవడం లేదు, ఎల్బియా, క్షమించు, ఇప్పుడు గుర్తుంది, ఈ క్షణం గుర్తుంది.

తలుపు చప్పుడైంది, చంకలో ఫ్లాస్కు, చేతిలో మాతే తాగే సొరబుర్ర, నోయెమి, ఏం పెద్దాయనా, మ్యూజియం బండి కింద నిలబెట్టి వచ్చాను, అంటూనే తెర వైపు చూసింది, తెర మీద ఆమె చుక్కలే ఉన్నాయి, దాచడానికి ఆమెకీ తీరిక దొరకలేదు, తనకీ దొరకలేదు, నవ్వు సగంలో ఆగింది, కుర్చీ లాక్కుంది, మాతేలో వేడినీళ్లు వంపి అతని చేతిలో పెట్టింది, తాగు, చల్లారిపోతుంది, తాగాడు, చేదుగా వెచ్చగా దిగింది, పంపులవి అడగకు అమ్మాయ్, నేనేమీ చెప్పలేను, ఒక్కటీ తెలియదు అన్నాడు, అనేశాడు, ఇన్నాళ్ల గుట్టు అంతే తేలిగ్గా నోట్లోంచి జారిపోయింది, ఆమె ఉలిక్కిపడలేదు, నువ్వు చెప్పక్కర్లేదు, పంపులవన్నీ పోయిన ఏడాదే చదివి రాసిపెట్టుకున్నాను, పైవాళ్లకు నువ్వే కూర్చుని చెప్పావని చెప్పాను, ఊరికే వచ్చాను, మాతే తాగుదామని, మరి ఇది, అని తెర మీద వేలు పెట్టాడు, అదా, అది కొత్తదాంట్లో అన్నిటికంటే ముందు పెట్టాను, నలుపు మీద తెలుపే, అక్షరాలు కూడా నీవే, రంగులు వేస్తే నువ్వు చదివి చస్తావా, అని ఆమె ముక్కు ఎగబీల్చి కిటికీ వైపు తిరిగింది, నది మీద మంచు ఇంకా విడలేదు, అతను ఆమె వీపునే చూస్తున్నాడు, పన్నెండింటికి తను ఫోన్ పట్టుకుని నిలబడితే పక్క గదిలో విన్నది ఈమె, ఏ మాట రాస్తే ఏడుస్తాడో, ఏ మాటకు ఏడవడో రాసి కొట్టేసి మళ్లీ రాసింది ఈమె, మర్నాడు పొద్దున వచ్చి మ్యూజియం అంటూ నలుగురినీ నవ్వించిందీ ఈమే, ఆ నవ్వు ఎందుకో ఇప్పుడు తెలిసింది, మతిమరుపు అనే మాట ఎవరి నోటా రాకుండా, ఇన్నాళ్లూ తన గుట్టు తనే దాచుకుంటున్నానని అనుకున్నాడు, దాన్ని కడుపులో పెట్టుకుని కాసింది ఈ పిల్ల.